సార్డీనియా టూర్: కొంచెం ఇసుక తెచ్చుకున్నా రూ.50 వేల ఫైన్! ఆ బీచ్‌లలో రూల్స్ ఎందుకంత కఠినం? ఏమేం చూడొచ్చు?

2019 ఆగస్టు. ఇటలీలోని సార్డీనియా దీవి. పోర్టో టోర్రెస్ ఓడరేవులో ఫ్రాన్స్ వెళ్లే ఫెర్రీ ఎక్కేందుకు సిద్ధంగా ఉన్న ఓ కారును పోలీసులు ఆపారు. డిక్కీ తెరిచి చూస్తే 14 ప్లాస్టిక్ బాటిళ్లు. వాటి నిండా తెల్లటి ఇసుక. మొత్తం 40 కిలోలు! జ్ఞాపకంగా ఇంటికి తీసుకెళ్తున్నామని, అది నేరమని తెలియదని ఆ ఫ్రెంచ్ జంట చెప్పింది. కానీ వాళ్లపై పెట్టిన కేసులో నేరం రుజువైతే ఏడాది నుంచి ఆరేళ్ల దాకా జైలు శిక్ష పడే అవకాశం ఉంది.

మరుసటి ఏడాది కాల్యారి ఎయిర్‌పోర్ట్‌లో ఇంకో టూరిస్ట్ దొరికారు. ఈసారి ఇసుక కేవలం 2 కిలోలు. ఫైన్ మాత్రం 1,000 యూరోలు. అంటే మన లెక్కలో దాదాపు లక్ష రూపాయలు.

ఇసుకకు ఇంత కాపలా ఏంటి అనిపిస్తోందా? కారణం తెలిస్తే ఈ దీవిని చూసే తీరే మారిపోతుంది. మధ్యధరా సముద్రంలో అందమైన తీరాలు, పాత కోట ఊళ్లు పక్కపక్కనే ఉన్న ఈ దీవిలో ఏమేం చూడాలి? ఎక్కడ ఏ రూల్ ఉంది? వివరంగా తెలుసుకుందాం.

సార్డీనియా ఎక్కడుంది?

ఇటలీ ప్రధాన భూభాగానికి పశ్చిమాన, ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవికి కింద ఉంటుంది సార్డీనియా. మధ్యధరాలో సిసిలీ తర్వాత ఇదే పెద్ద దీవి. విస్తీర్ణం సుమారు 24 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో ఐదో వంతు. కానీ తీరం పొడవు 1,800 కిలోమీటర్లు దాటుతుంది. మన ఆంధ్రప్రదేశ్ తీరం సుమారు వెయ్యి కిలోమీటర్లే. జనాభా మాత్రం 16 లక్షల లోపే.

ఫినీషియన్లు, రోమన్లు, పీసా, జెనోవా పాలకులు, స్పెయిన్ నుంచి వచ్చిన అరగాన్ రాజులు.. ఇలా ఎవరెవరో వచ్చి తీరంలో కోటలు, ఊళ్లు కట్టారు. వాళ్లందరికంటే ముందే ఇక్కడి స్థానికులు రాళ్లతో గుండ్రటి బురుజులు కట్టుకున్నారు. వాటిని నురాగే అంటారు. దీవి అంతటా ఇలాంటివి దాదాపు 7 వేలు ఉన్నాయి. వాటిలో బారూమిని ఊళ్లో ఉన్నదాన్ని 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇసుకకు అంత విలువ ఎందుకు?

ఇసుక అంటే మనకు నదులు కొట్టుకొచ్చేది. సార్డీనియాలో కొన్ని బీచ్‌ల కథ వేరు. అక్కడ ఇసుకలో గవ్వలు, చిన్న చిన్న సముద్ర జీవుల పెంకులు అరిగి పొడి అయినవి కూడా ఉంటాయి. ఇంకొన్ని చోట్ల రాళ్లు వేల ఏళ్ల పాటు అరగ్గా మిగిలిన క్వార్ట్‌జ్ గింజలు. పోయిన ఇసుక మళ్లీ తయారవ్వాలంటే మనిషి జీవితకాలం చాలదు.

ఒక్కరు 100 గ్రాములు తీసుకెళ్తే ఏమవుతుందిలే అనుకోవచ్చు. కానీ లక్ష మంది అలాగే అనుకుంటే? 10 టన్నుల ఇసుక మాయమైనట్టే. అందుకే 2017లో సార్డీనియా ప్రాంతీయ ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఇసుక, గులకరాళ్లు, గవ్వలు.. ఏది తీసుకెళ్లినా 500 నుంచి 3,000 యూరోల ఫైన్. యూరోను దాదాపు 100 రూపాయలుగా లెక్కేస్తే తక్కువలో తక్కువ రూ.50 వేలు.

ఎయిర్‌పోర్టుల్లో స్కానర్ దగ్గరే బ్యాగుల్లోని ఇసుక బయటపడుతుంది. అలా పట్టుకున్న ఇసుకను ఏ బీచ్‌దో గుర్తించి, తిరిగి అక్కడికే చేర్చే పనిని కొందరు స్థానికులు భుజానికెత్తుకున్నారు. ఎప్పుడో తీసుకెళ్లిన ఇసుకను ఏళ్ల తర్వాత పార్సిల్‌లో వెనక్కి పంపిన టూరిస్టులు కూడా ఉన్నారు.

గులాబీ బీచ్‌కు తాళం

ఈ కఠినత్వం ఎందుకో అర్థం కావాలంటే ఈశాన్యాన ఉన్న బుదెల్లి అనే బుల్లి దీవి గురించి తెలుసుకోవాలి. లా మద్దలేనా నేషనల్ పార్క్ పరిధిలో ఉంది ఇది. ఇక్కడి బీచ్ గులాబీ రంగులో ఉంటుంది. సముద్రపు గడ్డిని అంటిపెట్టుకుని బతికే ఓ ఏకకణ జీవి దీనికి కారణం. దాని ఎర్రటి పెంకు చనిపోయాక ముక్కలై, తెల్ల ఇసుకలో కలిసి గులాబీ రంగు వస్తుంది.

1964లో వచ్చిన మికెలాంజెలో ఆంటోనియోని సినిమా ‘రెడ్ డెజర్ట్’లో ఈ బీచ్ కనిపించింది. ఇక అంతే. బీచ్‌కు పేరొచ్చింది. జనం పెరిగారు. సీసాల్లో, సంచుల్లో ఇసుక తరలిపోయింది. పడవల లంగర్లు అడుగున ఉన్న గడ్డిని పెకిలించాయి. రంగు వెలిసిపోవడం మొదలైంది. దీంతో 1990లలో ఆ బీచ్‌పై కాలు పెట్టడాన్నే నిషేధించారు. ఇప్పుడు పడవలో దూరం నుంచి చూడాల్సిందే.

ఈ దీవికి ఓ కాపలాదారు కథ కూడా ఉంది. పేరు మౌరో మొరాండి. 1989లో పాలినేషియా వెళ్దామని బయల్దేరి, పడవ పాడై ఇక్కడ ఆగారు. అప్పటికి ఉన్న కాపలాదారు రిటైర్ అవుతున్నారని తెలిసి ఉండిపోయారు. 32 ఏళ్ల పాటు ఒంటరిగా దీవిని కాపాడి, 2021లో ఖాళీ చేశారు. 2025 జనవరిలో కన్నుమూశారు.

ఒడ్డున కుళ్లిన గడ్డి చెత్త కాదు!

సార్డీనియా బీచ్‌లలో చాలా చోట్ల గోధుమ రంగు ఎండు ఆకులు కుప్పలుగా కనిపిస్తాయి. కొంచెం వాసన కూడా వస్తుంది. క్లీన్ చేయరా అని టూరిస్టులు విసుక్కుంటారు. కానీ అది పొసిడోనియా అనే సముద్రపు మొక్క. నాచు కాదు, పూలు పూసే మొక్క. శీతాకాలంలో రాలిన ఆకులు ఒడ్డుకు చేరి మెత్తలా పరుచుకుంటాయి. పెద్ద అలలొచ్చినప్పుడు ఇసుక కొట్టుకుపోకుండా ఆ మెత్తే ఆపుతుంది. నీళ్లలో బతికున్న గడ్డి చేపలకు నర్సరీ లాంటిది. కాబట్టి ఆ కుప్పలు కనిపించాయంటే అక్కడి సముద్రం ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క.

ఇక రూట్ విషయానికొద్దాం. వాయవ్య మూల నుంచి మొదలుపెట్టి, పశ్చిమ తీరం వెంట దక్షిణాదికి దిగి, చివర్లో తూర్పు తీరానికి వెళ్తే ముఖ్యమైనవి చాలా వరకు కవర్ అవుతాయి.

స్టిన్టీనో, లా పెలోసా: రోజుకు 1,500 మందికే ఎంట్రీ

దీవి వాయవ్య కొనలో ఉంది స్టిన్టీనో. పక్కనే లా పెలోసా బీచ్. నీళ్లు మోకాలి లోతులో చాలా దూరం వరకు అద్దంలా ఉంటాయి. ఎదురుగా 16వ శతాబ్దంలో కట్టిన కాపలా బురుజు. సముద్రపు దొంగలు వస్తున్నారా లేదా అని చూసేందుకు తీరమంతా ఇలాంటి బురుజులు కట్టారు.

ఇక్కడ వేసవి సీజన్‌లో రోజుకు 1,500 మందినే అనుమతిస్తారు. ముందుగా ఆన్‌లైన్‌లో 3.50 యూరోల టికెట్ తీసుకోవాలి. టవల్‌ను నేరుగా ఇసుకపై పరిస్తే ఫైన్! ఎందుకంటే తడి టవల్‌కు ఇసుక అంటుకుని బయటికి పోతుంది. కింద చాప వేసి, దానిపై టవల్ వేసుకోవాలి. సిగరెట్ కూడా నిషేధమే.

స్టిన్టీనో ఊరి పుట్టుక వెనుక ఓ బాధాకరమైన కథ ఉంది. ఎదురుగా కనిపించే అసినారా దీవిని 1885లో ప్రభుత్వం జైలు కాలనీ, క్వారంటైన్ కేంద్రం కోసం తీసుకుంది. అక్కడున్న 45 కుటుంబాలు ఇళ్లు వదిలి వచ్చేయాల్సి వచ్చింది. వాళ్లు ఇవతలి ఒడ్డున కట్టుకున్న ఊరే స్టిన్టీనో.

అసినారా: మాఫియా డాన్ ఉన్న జైలు.. ఇప్పుడు తెల్ల గాడిదల దీవి

దాదాపు వందేళ్లకు పైగా సామాన్యులకు అసినారాలోకి ఎంట్రీ లేదు. మాఫియాపై పోరాడిన జడ్జిలు జొవాన్నీ ఫాల్కోనే, పావులో బొర్సెల్లీనో 1985లో భద్రత కోసం కుటుంబాలతో సహా ఇక్కడికి వచ్చి, మాఫియాపై మహా విచారణకు సంబంధించిన పత్రాలు సిద్ధం చేశారు. 1992లో ఇద్దరినీ మాఫియా బాంబు దాడుల్లో చంపేసింది. ఆ దాడుల వెనుక ఉన్న డాన్ టోటో రీనా అరెస్టయ్యాక, అతన్ని కొన్నాళ్లు ఇదే దీవిలోని జైల్లో పెట్టారు.

1997లో అసినారా నేషనల్ పార్క్ అయింది. జైలు మూతపడింది. మనుషులు లేకపోవడమే ఈ దీవికి మేలు చేసింది. కాంక్రీట్ రిసార్టులు రాలేదు. ఇప్పుడు స్టిన్టీనో, పోర్టో టోర్రెస్ నుంచి పడవలో వెళ్లొచ్చు. ఇక్కడి అల్బినో గాడిదలు చాలా ఫేమస్. ఒళ్లంతా తెలుపు, కళ్లు లేత రంగు. వాటికి తిండి పెట్టకూడదు.

అల్గేరో: ఇటలీలో కాటలాన్ మాట్లాడే ఊరు

స్టిన్టీనో నుంచి సుమారు 50 కిలోమీటర్లు దిగితే అల్గేరో. సముద్రం అంచున కోట గోడలు, బురుజులు, లోపల ఇరుకు వీధులు. ఇక్కడ వీధుల బోర్డులపై రెండు భాషలు కనిపిస్తాయి. ఒకటి ఇటాలియన్, రెండోది కాటలాన్. అంటే స్పెయిన్‌లోని బార్సిలోనా వైపు భాష!

1354లో అరగాన్ రాజు నాలుగో పీటర్ ఈ ఊరిని జెనోవాకు చెందిన డోరియా కుటుంబం నుంచి గెలుచుకున్నాడు. పాతవాళ్లను వెళ్లగొట్టి, కాటలాన్ ప్రాంతం నుంచి జనాన్ని తెచ్చి నింపాడు. ఆరున్నర శతాబ్దాలు దాటినా ఆ భాష బతికే ఉంది. కాకపోతే ఇంట్లో ఆ భాష మాట్లాడే పిల్లలు తగ్గిపోతున్నారు.

ఈ ప్రాంతాన్ని పగడాల తీరం అని కూడా అంటారు. ఎర్ర పగడాలతో చేసిన నగల షాపులు చాలా ఉంటాయి. లైసెన్స్ ఉన్న డైవర్లు మాత్రమే పగడం తీయాలి. టూరిస్టులు సముద్రంలోంచి సొంతంగా తీయడం నేరం.

ఊరి బయట ఉన్న ఆంఘేలు రూజు సమాధులు కూడా చూడొచ్చు. రాతిని తొలిచి చేసిన ఈ సమాధులను స్థానికులు ‘దోముస్ దే జానాస్’ అంటారు. అంటే జానపద కథల్లోని చిట్టి దేవతల ఇళ్లు అని. సార్డీనియాలోని ఇలాంటి సమాధులకు 2025లో యునెస్కో గుర్తింపు దక్కింది.

నెప్ట్యూన్ గుహ: 654 మెట్లు.. సముద్రం ఒప్పుకుంటేనే!

అల్గేరో దగ్గర్లోని కాపో కాచా కొండ అడుగున నెప్ట్యూన్ గుహ ఉంది. లోపల సున్నపురాతి స్తంభాలు, ఉప్పునీటి సరస్సు. కొండ అంచు వెంట 654 మెట్లు దిగి వెళ్లాలి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు ఇదో లెక్కా అనిపించొచ్చు. కానీ ఇక్కడ ముందు దిగి, అలసిపోయాక ఎక్కాలి. మధ్యాహ్నం ఎండలో అస్సలు వద్దు. మెట్లు వద్దనుకుంటే అల్గేరో నుంచి పడవలున్నాయి.

ఒక్క విషయం. పశ్చిమ తీరంపై మాయెస్త్రాలే అనే వాయవ్య గాలి గట్టిగా వీస్తుంది. అలలు పెరిగితే గుహ మూసేస్తారు, పడవలు ఆపేస్తారు. కాబట్టి చివరి రోజుకు వాయిదా వేయకుండా, ఒకరోజు అటూ ఇటూ జరిపే వీలుండేలా ప్లాన్ చేసుకోవడం బెటర్.

బోజా: నది ఒడ్డున రంగుల ఇళ్లు, ఆకాశంలో రాబందులు

అల్గేరో నుంచి బోజాకు సుమారు 45 కిలోమీటర్ల సముద్రతీర రోడ్డు. ఒకవైపు కొండ, ఇంకోవైపు నీలి సముద్రం. దారిలో ఆకాశంలో పెద్ద పక్షులు తిరుగుతుంటే అవి గ్రిఫాన్ రాబందులు కావొచ్చు. విషప్రయోగాలు, ఆహార కొరతతో ఒకప్పుడు అంతరించే దశకు చేరాయి. యూరోపియన్ యూనియన్ నిధులతో 2015లో మొదలైన ప్రాజెక్టు వల్ల మళ్లీ కోలుకున్నాయి.

బోజా ఊరు తెమో నది ఒడ్డున ఉంది. సార్డీనియాలో పడవలు నడిచే నది ఇదొక్కటే. పైన మధ్యయుగాల నాటి మలస్పీనా కోట, కింద పసుపు, గులాబీ, నారింజ రంగుల ఇళ్లు. అవతలి ఒడ్డున వరుసగా పాత భవనాలు కనిపిస్తాయి. అవన్నీ ఒకప్పటి తోళ్ల కార్ఖానాలు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది.

బోజా దాటాక కనిపించే కొండల్లో 2021 జులైలో పెద్ద కార్చిచ్చు రేగింది. వేల హెక్టార్లు కాలిపోయాయి. వందల ఏళ్ల ఆలివ్ చెట్లూ బూడిదయ్యాయి. అందుకే ఎండాకాలంలో ఆరుబయట మంట పెట్టడం నిషేధం. కారు అద్దంలోంచి సిగరెట్ ముక్క విసిరినా నేరమే.

తారోస్, ఇస్ అరుతాస్: రాళ్లు పోయిన నగరం, బియ్యపు గింజల బీచ్

ఇంకా కిందికి వెళ్తే సీనిస్ ద్వీపకల్పం. దాని కొసన తారోస్ శిథిలాలు. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం ప్రాంతంలో ఫినీషియన్లు కట్టిన నగరం ఇది. తర్వాత రోమన్లు పాలించారు. సముద్ర దాడుల భయంతో 11వ శతాబ్దంలో జనం దీన్ని వదిలి, లోపలికి ఒరిస్తానో వైపు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఇక్కడి రాళ్లనూ కొత్త ఊరు కట్టుకోవడానికి తీసుకెళ్లారు. తారోస్ నుంచి రాళ్లు బండ్లకు బండ్లు తరలిపోయాయని సార్డీనియాలో ఓ సామెత కూడా ఉంది. అందుకే నగరంలో పునాదులే ఎక్కువ, గోడలు తక్కువ.

దగ్గర్లోనే మోంతె ప్రామా. 1974లో పొలం దున్నుతున్న రైతులకు రాతి విగ్రహం ముక్కలు దొరికాయి. వాటిని అతికిస్తే రెండు మీటర్లకు పైగా ఎత్తున్న వీరుల విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 9-8 శతాబ్దాల నాటివని చాలామంది నిపుణుల అంచనా. కాబ్రాస్, కాల్యారి మ్యూజియాల్లో వీటిని చూడొచ్చు.

ఇక ఇస్ అరుతాస్ బీచ్. ఇక్కడ ఇసుక బదులు తెలుపు, లేత గులాబీ క్వార్ట్‌జ్ గింజలుంటాయి. అక్కడివాళ్లు వాటిని బియ్యపు గింజలతో పోలుస్తారు. దొంగతనాలు ఎక్కువగా జరిగిన బీచ్‌లలో ఇదొకటి. బయల్దేరే ముందు చెప్పులు, బ్యాగు దులుపుకోవడం మర్చిపోవద్దు.

కాల్యారి: ఇసుక పోగొట్టుకున్న రాజధాని

దక్షిణ తీరంలో రాజధాని కాల్యారి. కొండపైన కాస్తెల్లో అనే పాత కోట పేట, 1307లో కట్టిన ఏనుగు బురుజు, రాతిని తొలిచి కట్టిన రోమన్ల నాటి ఆంఫీథియేటర్ చూడాల్సినవి. బురుజుపై చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ పేరు దానివల్లే వచ్చింది. ఊరి పక్కనే మొలెంతార్జుస్ పార్క్. మూతపడిన ఉప్పు మడుల్లో 1993 నుంచి ఫ్లెమింగోలు గూళ్లు పెడుతున్నాయి. నగరం మధ్యలో వేల కొద్దీ గులాబీ కొంగలను చూడటం నిజంగా వింతే.

అయితే కాల్యారి పొయెట్టో బీచ్ మాత్రం ఓ గుణపాఠం. సుమారు 8 కిలోమీటర్ల ఈ బీచ్ ఒకప్పుడు తెల్లటి మెత్తని ఇసుకకు పేరుపొందింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు కట్టుకోవడానికి ఇక్కడి ఇసుక తోడేశారు. తీరం కోతకు గురైంది. 2002లో సముద్రం అడుగు నుంచి ఇసుక తెచ్చి పోశారు. కానీ అది ముతకగా, ముదురు రంగులో ఉంది. జనం గొల్లుమన్నారు. కోర్టు కేసులు నడిచాయి. పాత తెల్లదనం మాత్రం తిరిగి రాలేదు. డబ్బు పెట్టి తెచ్చినా పాత ఇసుక రాదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కాలా గొలొరిట్జే: నడిస్తేనే దక్కే బీచ్

తూర్పు తీరంలో బౌనేయి ఊరి దగ్గరుంది కాలా గొలొరిట్జే. ప్రపంచంలోని 50 ఉత్తమ బీచ్‌ల పేరుతో వచ్చే జాబితాలో 2025లో మొదటి స్థానం దీనిదే. 1962లో కొండచరియ విరిగిపడటంతో ఏర్పడిన బీచ్ ఇది. వెనుక 143 మీటర్ల ఎత్తున సూదిలాంటి రాతి శిఖరం.

ఇక్కడికి రోడ్డు లేదు. సుమారు మూడున్నర కిలోమీటర్లు కొండదారిలో దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోటార్ బోట్లు ఒడ్డుకు రాకూడదు. రోజుకు 250 మందికే అనుమతి. ముందే బుక్ చేసుకోవాలి. మంచి షూస్, తలా రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. దారిలో షాపులేమీ ఉండవు.

ఎప్పుడు వెళ్లాలి? ఎలా వెళ్లాలి?

మే, జూన్, సెప్టెంబర్ బెస్ట్. జులై, ఆగస్టు నెలల్లో ఇటలీ మొత్తం ఇక్కడికే వస్తుంది. హోటల్ రేట్లు చుక్కలు చూపిస్తాయి. సెప్టెంబర్‌లో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, జనం తగ్గుతారు.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. పెద్దలకు వీసా ఫీజు 90 యూరోలు. సెంటర్ సర్వీస్ చార్జీ అదనం. కనీసం 30 వేల యూరోల ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. రోమ్ లేదా మిలాన్ చేరుకుని, అక్కడి నుంచి అల్గేరో, కాల్యారి, ఓల్బియా ఎయిర్‌పోర్టుల్లో ఒకదానికి వెళ్లాలి. ఫెర్రీలో అయితే రోమ్ దగ్గరి చివితవెక్యా నుంచి రాత్రి ప్రయాణం.

బస్సులు, రైళ్లు ఉన్నా బీచ్‌లకు కారే సౌకర్యం. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే తీసుకెళ్లాలి. అక్కడ కుడివైపు డ్రైవింగ్ అని గుర్తుంచుకోవాలి. పాత ఊళ్లలో జెడ్‌టీఎల్ అనే బోర్డు కనిపిస్తే లోపలికి కారు తిప్పొద్దు. అనుమతి లేని కార్ల నంబర్లను కెమెరాలు పట్టేస్తాయి. ఇండియాకు వచ్చాక కూడా ఫైన్ రావొచ్చు.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. కులుర్జోనెస్ అనే వంటకం మన కజ్జికాయలా ఉంటుంది. కానీ తీపి కాదు. లోపల ఆలుగడ్డ, పుదీనా, గొర్రె పాల చీజ్. అంచులు జడ అల్లినట్టు ముడుస్తారు. అప్పడంలా కరకరలాడే పానె కరసావు రొట్టె కూడా ట్రై చేయొచ్చు. అయితే ఇక్కడి చీజ్‌లో ఎక్కువగా పశువుల కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. కచ్చితమైన శాకాహారులు ముందే అడగాలి. చేపలు తినేవాళ్లకైతే కాబ్రాస్ బొత్తార్గా ఉంది. చేప గుడ్లను ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టి, పాస్తాపై తురిమి ఇస్తారు.

ఈ రూల్స్ గుర్తుంచుకోండి

- ఇసుక, రాళ్లు, గవ్వలు ఏవీ తీసుకోవద్దు. పిల్లల జేబులు, బకెట్లు కూడా ఓసారి చెక్ చేయండి.
- లా పెలోసా, కాలా గొలొరిట్జే టికెట్లు ముందే బుక్ చేసుకోండి. ఏటా రేట్లు, తేదీలు మారొచ్చు కాబట్టి అధికారిక సైట్‌లోనే చూసుకోండి.
- బుదెల్లి గులాబీ బీచ్‌పై దిగొద్దు. ఇంకాస్త దగ్గరికి తీసుకెళ్తానని ఎవరైనా చెప్పినా ఒప్పుకోవద్దు.
- ఇసుక తిన్నెలపై నడవకుండా చెక్క దారుల మీదుగానే వెళ్లండి.
- ఎండాకాలంలో మంట పెట్టొద్దు.

సెలవుల్లో ఇన్ని రూల్సా అని విసుగు రావొచ్చు. కానీ బుదెల్లి బీచ్‌ను 1960లలో చూసినవాళ్లు నడిచిన చోట ఇప్పుడు ఎవరూ నడవలేరు. పొయెట్టోలో పాత తెల్ల ఇసుకను చూసింది ముందు తరంవాళ్లే. లా పెలోసాలో 3.50 యూరోల టికెట్, ఓ చాప అడుగుతున్నది ఆ జాబితాలో మూడో పేరు చేరకూడదనే.